హాడ్లీ తరఫున వచ్చినవాళ్ళు

ఆఖరి పిల్లవాణ్ణి దింపి, బస్సును షెడ్డులో పెట్టి, వెర్లీన్ స్టాంపర్ బస్సులోనే చొక్కా మార్చుకుంది. పొద్దున ఇస్త్రీ చేసి సీటు వెనక తగిలించుకున్న నీలం చొక్కా అది. డ్రైవరు అద్దంలో ఒకసారి ముఖం చూసుకుని, జుట్టు చేత్తోనే సర్దుకుని, తన పాత కారెక్కి మళ్ళీ బడికే, తల్లిదండ్రుల సమావేశానికి బయలుదేరింది.

ఇరవై రెండేళ్ళుగా ఆ మిడిల్ స్కూలు గుమ్మం ముందు పొద్దునా సాయంత్రమూ బస్సాపుతోంది. లారెల్ వాగు పొడుగునా ఉన్న ఇళ్ళలో ఏ పిల్ల ఎక్కడ కూర్చుంటుందో, ఎవరికి మలుపుల్లో వాంతి వస్తుందో ఆమెకు తెలుసు. కానీ ఆఫీసు దాటి లోపలికి వెళ్ళిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. కూతురు షాండా ఇదే బళ్ళో చదివింది. అప్పుడు తల్లిదండ్రులను పిలిచి ఇలా అన్నీ చెప్పేవారో లేదో వెర్లీన్‌కు గుర్తులేదు. పిలిచి ఉంటే మాత్రం ఆమె వెళ్ళలేదు.

ఇప్పుడు వెళ్తున్నది మనవరాలి కోసం. హాడ్లీకి పదకొండేళ్ళు. ఏడో ఏట నుంచి అమ్మమ్మ దగ్గరే ఉంటోంది. రెండు వారాల కిందటే ఆరో తరగతిలో చేరింది. పొద్దున బస్సు దిగబోతూ మెట్టుమీద ఆగి, వెనక పిల్లలు తోస్తున్నా కదలకుండా జాగ్రత్తలన్నీ చెప్పింది.

"ఆరింటికి మొదలవుతుంది అమ్మమ్మా. మరీ ముందెళ్ళి కూర్చోకు. మా టీచర్ల దగ్గర బస్సు గొంతుతో మాట్లాడకు."

"బస్సు గొంతేంటే?"

"ఇదిగో, ఇదే."

వెర్లీన్ నవ్వి, పిల్లను పక్కింటి ఓపల్ దగ్గర కూర్చోబెడతానని, ఎనిమిదింటికల్లా వచ్చి అన్నీ చెబుతానని మాటిచ్చింది.

ఆటల హాలు గుమ్మం దగ్గర బల్ల వేసుకుని కౌన్సెలరు రెనీ హోల్‌బ్రూక్ కూర్చుని ఉంది. పిల్లల మంచిచెడ్డలు, కాగితాలు అన్నీ చూసేది ఆమే. వచ్చిన ప్రతి కుటుంబానికీ వాళ్ళ పిల్ల టైంటేబుల్ ఉన్న కార్డు ఇస్తోంది. ఆ కార్డు పట్టుకుని తల్లిదండ్రులు గది గదికీ తిరగాలి. గంట మోగితే లేవాలి, నాలుగు నిమిషాల్లో తరవాతి గదికి చేరాలి. పిల్లలకు రోజంతా ఎలా గడుస్తుందో పెద్దవాళ్ళకు గంటన్నరలో తెలియాలని.

"రండి మిస్ వెర్లీన్. మిమ్మల్ని స్టీరింగ్ లేకుండా చూడటం ఇదే మొదలు," అంది రెనీ. కార్డుల పెట్టెలో 'స్టా' దగ్గర వెతికింది. మళ్ళీ వెతికింది. "హాడ్లీ స్టాంపర్... ఇదెవరో తీసుకున్నట్టున్నారే."

"ఎవరు తీసుకుంటారు? నేను ఇప్పుడేగా వచ్చింది."

రెనీ సంతకాల కాగితం తిప్పి చూసింది. చూసి, వెంటనే తలెత్తలేదు.

"వాళ్ళమ్మ వచ్చిందండీ. పావుగంటయింది."

వెర్లీన్ ఆ కాగితం మీదికి వంగింది. షాండా స్టాంపర్. పక్క గడిలో, విద్యార్థికి ఏమవుతారు అన్నచోట: తల్లి. అక్షరాలు గుండ్రంగా, నెమ్మదిగా, తొణక్కుండా ఉన్నాయి. కూతురి చేతిరాత అంత కుదురుగా ఉండటం చూసి ఎన్నేళ్ళయిందో.

"దానికెలా తెలిసింది?"

"జూలైలో ఫోన్ చేసి అడ్రసు మార్పించుకుంది. ఉత్తరాలన్నీ తనకే వెళ్తున్నాయి. మీకు కూడా చెప్పే ఉంటుందనుకున్నాను." రెనీ ఇంకో కార్డు అచ్చు తీసి ఇచ్చింది. వెర్లీన్ సంతకం చేసి, గడిలో 'అమ్మమ్మ' అని రాసింది.

హాల్లో ప్రిన్సిపాల్ మైకు పట్టుకుని చెబుతున్నది ఆమెకు సగమే వినపడింది. ఫోన్లు లాకర్లలోనే ఉండాలట. ఆలస్యంగా ఇచ్చిన హోంవర్కుకు రోజుకు పది మార్కులు పోతాయట. మూడుసార్లు ఆలస్యంగా వస్తే ఇంటికి ఫోన్ చేస్తారట. ఇంటికి అన్నమాట దగ్గర వెర్లీన్ ఆగిపోయింది. ఏ ఇంటికి? ఆమె కళ్ళు వరసల్లో కూతురి కోసం వెతికాయి. ముందు వరసలో రికీ నేపియర్ గడ్డం నిమురుకుంటూ కూర్చున్నాడు. ఎనిమిదో తరగతిలో సీటు కోసినందుకు ఏడాదంతా తన వెనక సీట్లో కూర్చోబెట్టిన పిల్లాడు. ఇప్పుడు వాడికే ఆరో తరగతి కొడుకు. షాండా మాత్రం కనిపించలేదు.

మొదటి గంట మోగింది. మొదటి పీరియడు లెక్కలు, రెండో అంతస్తులో. మెట్లు ఏ వైపో తెలియక వెర్లీన్ సంగీతం గదిలోకి, అక్కణ్ణుంచి ఇంకో వసారాలోకి వెళ్ళి, దారి కనుక్కునేసరికి లెక్కల మాస్టారు చెప్పడం అయిపోయింది. "నిష్పత్తులండీ," అన్నాడాయన, తలుపు దగ్గర ఆమె చేతిలో కాగితం పెడుతూ. "ఈ ఏడంతా నిష్పత్తులే." మళ్ళీ గంట.

రెండో పీరియడు ఇంగ్లీషు. మిస్ ప్రూవిట్ గది. తలుపు తీసే ఉంది.

షాండా కిటికీ పక్క మూడో బల్ల దగ్గర కూర్చుని ఉంది.

వెర్లీన్ గుమ్మంలోనే ఆగి చూసింది. జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది. ముఖంలో కండ పట్టింది. ముందు పళ్ళు బాగు చేయించుకున్నట్టుంది. క్రిస్మస్‌కు వచ్చి రెండు గంటలుండి వెళ్ళినప్పుడు చెంపలు లోపలికి పోయి, చేతులు ఊరికే కదులుతూ ఉండేవి. ఇప్పుడు ఆ చేతులు బల్లమీద ఒద్దికగా ఉన్నాయి. బిడ్డ బాగుందని వెర్లీన్ ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే, బాగుంది కాబట్టే ఇక్కడికి వచ్చిందని తోచింది.

"అమ్మా," అంది షాండా.

"చెప్పనైనా చెప్పలేదేంటే?"

"చెబితే నువ్వు రావద్దనేదానివి."

అనేదాన్నేమో అనుకుంది వెర్లీన్. ఆ బల్లకు ఒక్కటే కుర్చీ ఉంది. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది.

మిస్ ప్రూవిట్‌కు పాతికేళ్ళు కూడా ఉండవు. పొద్దుటి నుంచీ మాట్లాడి మాట్లాడి గొంతు బొంగురుపోయింది. రోజూ ఇరవై నిమిషాలు ఇంట్లో చదవాలని, చదివిన పేజీలు పుస్తకంలో రాయాలని, దాని కింద ఇంట్లో పెద్దవాళ్ళు సంతకం పెట్టాలని చెప్పింది. "చదివారో లేదో మీరు చూసి పెట్టండి. ఊరికే గీకెయ్యకండి. నాకు తెలిసిపోతుంది," అంటే అందరూ నవ్వారు. తరవాత ఆమె బల్లలమీద మడిచిపెట్టిన కాగితాలు చూపించింది. "మీ పిల్లలు మీకు ఉత్తరాలు రాశారు. చదివి, కింద రెండు ముక్కలు రాసి అక్కడే పెట్టి వెళ్ళండి. రేపొద్దున చూసుకుంటారు."

షాండా కాగితం విప్పింది. చదువుతూ చదువుతూ ఆమె వేలు మొదటి వాక్యం దగ్గరే ఉండిపోయింది. చివరిదాకా చదివిందో లేదో తెలియదు. కాగితాన్ని మళ్ళీ అదే మడతలో మడిచి వెనక్కి అందించింది.

"నీకే."

'అమ్మమ్మకి,' అని ఉంది పైన. 'ఇది నా బల్ల. దీని కాలు ఊగుతుంది కాబట్టి మోచేతులు పెట్టకు. ఇక్కణ్ణుంచి బస్సులు వచ్చే దారి కనిపిస్తుంది. నీ బస్సు రోజూ రెండోదే వస్తుంది. మొదటిది రాగానే నీ కోసం చూస్తూ ఉంటాను. నా పక్కన కూర్చునే అమ్మాయి పేరు జోసీ. ఆదివారం మనింటికి వస్తానంది, నువ్వు సరే అంటే. జవాబు రాయి. హాడ్లీ.'

బల్లల మధ్యగా వస్తూ మిస్ ప్రూవిట్ వాళ్ళ దగ్గర ఆగింది. "హాడ్లీ తరఫున ఇద్దరొచ్చారే! ఎంత బావుందో. మీరు...?"

"నేను వాళ్ళమ్మని," అంది షాండా లేచి నిలబడి.

టీచరు వెర్లీన్ వైపు తిరిగింది. నాలుగేళ్ళుగా ఆ పిల్లకు తలదువ్వి, జ్వరమొస్తే పక్కన కూర్చుని, పాలపళ్ళు దాచిపెట్టిన మనిషి ఇప్పుడు తానెవరో చెప్పాలి. "నేను ఇరవై ఏడో నంబరు బస్సు నడుపుతానండి," అంది.

టీచరు అర్థంకాక నవ్వి తలూపింది. ఇంతలో గంట మోగింది. అందరూ లేస్తున్నారు. వెర్లీన్ వంగి, ఆ ఊగే బల్లమీద కాగితం పెట్టి, పెన్సిలు తీసుకుంది. రాయాల్సింది చాలా ఉంది. ఏదీ రాయడానికి వీల్లేదు. 'నీ బల్ల శుభ్రంగా ఉంది. జోసీని రమ్మను. అమ్మమ్మ,' అని రాసి మడిచింది.

వసారాలో లాకర్ల పక్కన షాండా ఆమె కోసం ఆగి ఉంది. చుట్టూ తల్లిదండ్రులు కార్డులు చూసుకుంటూ అటూ ఇటూ పరిగెడుతున్నారు.

"దాన్ని తీసుకెళ్దామని వచ్చానమ్మా," అంది షాండా. "డేటన్ పట్నంలో రెండు గదుల ఇల్లు తీసుకున్నాను. గిడ్డంగిలో పని పర్మనెంటు చేశారు. ఏడు నెలల పైన అయింది, ఏ మత్తూ ముట్టలేదు. వారం వారం మత్తు మానేసినవాళ్ళ మీటింగులకి వెళ్తున్నాను. కావాలంటే వాళ్ళ నంబరిస్తాను, కనుక్కో."

"నేనేం కనుక్కోను. నిన్ను చూస్తేనే తెలుస్తోంది. కానీ ఇప్పుడేనా షాండా? బడి తెరిచి రెండు వారాలేగా అయింది. క్రిస్మస్ దాకా ఆగు. సెలవుల్లో వచ్చి నీతో ఉంటుంది, అలవాటవుతుంది..."

"అక్కడా బడి తెరిచారు. ఎంత ఆగితే అంత వెనకబడుతుంది."

"పిల్లకిప్పుడే ఓ స్నేహితురాలు దొరికింది."

"అక్కడా దొరుకుతుంది. ఆ ఉత్తరం చూశావుగా? ఎక్కడైనా నా పేరుందా? ఇంకో రెండేళ్ళాగితే నేనెవరని అడిగినా చెప్పదు ఎవరికీ."

"అది పిల్ల తప్పా?"

"నా తప్పే. అందుకే వచ్చాను." షాండా గొంతు లేవలేదు. అదే వెర్లీన్‌ను మరీ భయపెట్టింది. అరిస్తే ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు. అరుపులకు అలవాటుపడింది. ఇలా నెమ్మదిగా, న్యాయంగా మాట్లాడే కూతురు ఆమెకు కొత్త. "నువ్వు లేకపోతే దాని గతేమయ్యేదో నాకు తెలీదనుకోకమ్మా. కానీ అది నా బిడ్డ."

షాండా కార్డు చూసుకుని సైన్సు గది వైపు వెళ్ళిపోయింది. వెర్లీన్ మెట్లు దిగి తిన్నగా రెనీ హోల్‌బ్రూక్ దగ్గరికి వచ్చింది. రెనీ బల్లమీది కాగితాలు సర్దుకుంటోంది. ముఖం చూసి కుర్చీ జరిపింది.

"తీసుకెళ్తానంటోంది," అంది వెర్లీన్. "మీరేమైనా చెయ్యగలరా?"

"మీ దగ్గర కాగితం ఏదైనా ఉందా మిస్ వెర్లీన్? పిల్ల మీ దగ్గరే ఉండాలని, కోర్టు నుంచి?"

లేదు. నాలుగేళ్ళలో ఆ మాట చెప్పనివాళ్ళు లేరు. ఓపల్ చెప్పింది. డాక్టరమ్మ చెప్పింది. మొదటి ఏడాది రెనీయే ఫారాలు కూడా తెచ్చి ఇచ్చింది. ఆ కాగితం కావాలంటే జడ్జి ముందు నిలబడి షాండా ఏమేం చేసిందో తన నోటితో చెప్పాలి. ఆ ఫారాలను వెర్లీన్ చాలాసార్లు బల్లమీద పరిచింది. కూతురి పేరు రాయాల్సిన గడి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది. ఎప్పటికైనా బాగుపడుతుంది కదా, అప్పుడీ కాగితం దాని కాళ్ళకు అడ్డం పడుతుంది కదా అనుకుని మడిచి లోపల పెట్టేసేది. అనుకున్నట్టే బాగుపడింది.

"లేదు," అంది.

"ఆమె మీద ఇప్పుడేమైనా అనుమానముందా మీకు? ఉంటే చెప్పండి. నేను రాసుకుని పిల్లల రక్షణ చూసేవాళ్ళకు పంపిస్తాను."

ఉందంటే చాలు. ఇంతకుముందు రెండుసార్లు ఇలాగే బాగుపడింది. ఒకసారి ఆరు నెలలు, ఇంకోసారి ఏడాదికి మూడు వారాలు తక్కువ. ఆ మాట అనబోయింది. కుదురుగా రాసిన ఆ సంతకం, బల్లమీద నిలకడగా ఉన్న ఆ చేతులు గుర్తొచ్చాయి.

"ఇప్పుడా? ఇప్పుడేం లేదు."

రెనీ ఆమె చేతిమీద చెయ్యి వేసింది. "అయితే నేను చెయ్యగలిగిందేం లేదమ్మా. రేపు వచ్చి సంతకం పెడితే రికార్డులు ఇచ్చెయ్యాలి."

ఇంకా మూడు పీరియడ్లు మిగిలి ఉన్నాయి. ఏం చెయ్యాలో తోచక వెర్లీన్ వాటికి వెళ్ళింది. సైన్సు గదిలో తల్లీ కూతుళ్ళు చెరో చివరా కూర్చుని జీవకణం గురించి విన్నారు. సోషల్ గదిలో రెండు నదుల మధ్య పుట్టిన పాత పట్టణాల గురించి చెప్పారు. నవంబరులో పిల్లలు మట్టితో గోపురాలు కట్టి తెస్తారట, ఇంట్లో సాయం చేయొచ్చుగానీ మీరే కట్టెయ్యకండి అన్నాడు మాస్టారు. నవంబరు అని వెర్లీన్ కార్డు వెనక రాసుకుంది. రాశాక, ఎందుకు రాశానా అని చూసుకుంది. బయటికి వస్తుంటే రికీ నేపియర్ తలుపు పట్టుకున్నాడు.

"ఈ లాకరు తాళాలు మావాడికి రావడంలేదు మిస్ వెర్లీన్. మీ పిల్లకొచ్చా?"

"మొదటిరోజే వచ్చేసింది."

"అదృష్టవంతులు," అన్నాడు రికీ.

మర్నాడు బడిలో సంతకం పెట్టి, శనివారం పదింటికి షాండా పిల్ల కోసం వచ్చింది. సంగతి బడి నుంచి వచ్చిన గురువారం రాత్రే వెర్లీన్ పిల్లతో చెప్పింది. హాడ్లీ ఏడవలేదు. "ఎన్నాళ్ళు?" అని అడిగింది. "అమ్మ దగ్గరికి వెళ్తూ ఎన్నాళ్ళంటావేంటే?" అంటే, "ఊరికే అడిగాను," అని తన గదిలోకి పోయి, బట్టలన్నీ తీసి మంచంమీద పెట్టుకుంది. జోసీ రావాల్సిన ఆదివారం మాట ఇద్దరూ ఎత్తలేదు. కారెక్కేముందు హాడ్లీ అమ్మమ్మ నడుం చుట్టూ చేతులు వేసి చాలాసేపు వదలలేదు. షాండా కారు పక్కన నిలబడి నేలచూపులు చూస్తూ ఆగింది, తొందరపెట్టలేదు.

సెప్టెంబరు మూడో వారంలో ఒక సాయంత్రం, షెడ్డులో బస్సు ఊడుస్తుంటే ఫోన్ మోగింది. షాండా.

"అమ్మా, దాని బడి దగ్గరున్నాను. ఇక్కడా ఇవాళ పేరెంట్స్‌ని పిలిచారు." ఊపిరి ఎగబీలుస్తోంది. "గుమ్మం దగ్గర ఫారం ఇచ్చారు. కార్లోకి తెచ్చుకున్నాను. దానికి ఏం పడవని అడుగుతున్నారు. ఏం పడవమ్మా?"

"అక్రోటు కాయలు. పెదాలు వాస్తాయి. ఇంకేం లేదు."

"ఎప్పుడైనా ఆస్పత్రిలో ఉందా?"

"తొమ్మిదో ఏట, మోచెయ్యి విరిగినప్పుడు. ఒక్కరాత్రి. నీకు చెప్పాను."

"చెప్పావేమో. అప్పుడు నేను..." కాగితం తిప్పిన చప్పుడయింది. "పిల్ల ఎప్పుడు మీతో ఎక్కువ మాట్లాడుతుంది, దేనికి భయపడుతుంది అనికూడా ఉందమ్మా. అందరూ గబగబా నింపేసి లోపలికి పోతున్నారు. నేను లోపలికెళ్ళి ఏం చెప్పను? వాళ్ళకి తెలిసిపోతుంది."

"ఏం తెలుస్తుంది? ఫారం తీసుకుంటారంతే, మన ముఖాలెవరూ చూడరు. నేను చూశాగా. వాళ్ళు చెప్పేదే చెబుతారు, గంట కొడతారు. వెళ్ళు షాండా. వెళ్ళి వెనక కూర్చో. దానికి పిడుగులంటే భయం, రాయి. పడుకోబోయే ముందు ఎక్కువ మాట్లాడుతుంది. దీపం ఆర్పాక. రాశావా?"

"రాస్తున్నాను."

"వెళ్ళు మరి."

"వెళ్తాను," అంది షాండా. ఫోన్ పెట్టేసింది.

వెర్లీన్ చీపురు పట్టుకుని మొదటి సీట్లో కూర్చుంది. నాలుగు గంటల దూరంలో, తానెన్నడూ చూడని బడి ముందు, తన కూతురు కారు తలుపు తీసిందో, తాళం తిప్పి వెనక్కి పోయిందో తెలుసుకునే దారి లేదు. అరగంట తరవాత ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. లోపలుంటే ఎత్తకూడదు కూడా. ఇంటికి పోయాక మళ్ళీ చేస్తే ఫోన్ ఆపేసి ఉంది.

ఆదివారం మధ్యాహ్నం హాడ్లీ ఫోన్ చేసింది. కొత్త బళ్ళో లాకర్లు నీలంరంగువట. బస్సు డ్రైవరు మగవాడట, ఎవరి పేర్లూ తెలియవట.

"అమ్మ బడికొచ్చిందా ఆ రోజు?" అని అడిగింది వెర్లీన్, మామూలుగా అడిగినట్టు.

"వచ్చింది. కొంచెంసేపు ఉందంట. టీచరు చెప్పింది."

"కొంచెంసేపంటే?"

"ఏమో అమ్మమ్మా. వచ్చిందిగా."

"వచ్చింది. అవును." వెర్లీన్ ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకుంది. "బడినుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరుంటారే?"

టీవీలో ఎవరో నవ్వుతున్న చప్పుడు వినిపించింది.

"నా దగ్గర తాళంచెవి ఉంది," అంది హాడ్లీ. "అమ్మకిప్పుడు రెండో షిఫ్టు, రాత్రి దాకా. బాగానే ఉంటాను, నాకు అన్నీ తెలుసు. నువ్వు అమ్మనేం అడగకు."

అడిగితే ఏమవుతుందో, అడగకపోతే ఏమవుతుందో వెర్లీన్ రెండూ ఆలోచించింది. ఆమె ఎదురుగా గోడమీద కేలండరు ఉంది. మళ్ళీ సెలవులు నవంబరు ఆఖర్లో.

"అడగను," అంది. "రాగానే లోపల గడియ పెట్టుకో. పెట్టుకుని నాకు ఫోన్ చెయ్యి. రోజూ."

"నువ్వప్పుడు బస్సు నడుపుతూ ఉంటావుగా."

"ఉంటాను," అంది వెర్లీన్. ఆమె వేలు కేలండరు మీద నవంబరు ఆఖరు దాకా వారాలు లెక్కపెడుతోంది.